తల్లుల కొరకు వెదకిన తెలుగు వైద్యుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసుకొన్న ఈ సంతోష సమయమున, ఈ సంచికలో మన మిషనరీలను గూర్చియు, బిషపులను గూర్చియు, ఊరూర నడచి సువార్త చెప్పిన బైబిలు స్త్రీలను గూర్చియు పలువురు వ్రాయుచున్నారు. మేము ఒక వైద్యుని జీవితమును సంఘము ఎదుట ఉంచదలచినాము. ఆయన మన సంఘ సభ్యుడు కారు. నల్గొండ వారు కారు, పాలమూరు వారును కారు. అయినను గడచిన యాభై సంవత్సరములలో మన పాస్టరేట్లలో ఏ ఇంటి కోడలు నెల తప్పినా, ఆస్పత్రిలో ఆమె చేతికిచ్చిన మాత్రలో ఆయన శ్రమ ఉన్నది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

క్రైస్తవేతరుని చరిత్ర సంఘ సంచికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. సొలొమోను దేవాలయము కట్టించినప్పుడు దేవదారు మ్రానులు పంపినది తూరు రాజైన హీరాము. చెరలోనున్న ప్రజలను స్వదేశమునకు పోనిచ్చినది పారసీక రాజైన కోరెషు. దేవుడు తన ప్రజల మేలు కొరకు ఎవరి చేతులనైనను వాడుకొనగలడని మనము సండేస్కూలు నాటి నుండి నేర్చుకొన్నాము. పొందిన మేలును గుర్తించి, ఆ చేతులను పేరు పెట్టి తలంచుకొనుట కృతజ్ఞత గల సంఘమునకు తగిన పని.

తల్లుల దుఃఖము

పరిశుద్ధ గ్రంథములో కాన్పు కష్టమై ప్రాణము విడిచిన తల్లులు ఇద్దరు మనకు కనబడుదురు. యాకోబు ప్రియ భార్య రాహేలు ఎఫ్రాతా త్రోవలో ప్రసవించి మరణించినది. ఏలీ కోడలు, ఫీనెహాసు భార్య, మామయు పెనిమిటియు ఒక్క దినముననే చనిపోయిరని విన్న క్షణమున నొప్పులు వచ్చి, బిడ్డను కని కన్ను మూసినది. ఈ ఇద్దరి కథలు మన పల్లెలకు క్రొత్తవి కావు. కాన్పు ఆడదానికి మరు జన్మ అనే మాట మన పెద్దమ్మల నోట ఊరకే పుట్టలేదు.

ఒకప్పుడు గర్భిణి ముఖము పాలిపోయి, కాళ్లకు నీరు పట్టి, బావి దగ్గరనుండి బిందె తెచ్చులోపల నాలుగు చోట్ల కూర్చున్నదంటే, గాలి సోకినదనో దిష్టి తగిలినదనో అనుకొనెడివారు. ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో నొప్పులు వచ్చి, పిడికెడంత బిడ్డ పుట్టి, రెండు దినములు ఊపిరి తీసి పోయినదంటే, అది తల్లి నొసటి వ్రాత అనెడివారు. 37 వారములు నిండకముందే జరుగు కాన్పును వైద్యులు నెలలు నిండని కాన్పు అందురు. కాపరులుగా మేము చేయు సమాధి ఆరాధనలన్నిటిలో మిక్కిలి బరువైనది ఆ చిన్న గోతుల యొద్ద చేయునదే. అక్కడ తల్లి తరచుగా ఉండదు. ఆమె ఇంట్లో మంచము మీద గోడ వైపు తిరిగి పండుకొని యుండును.

ఈ దుఃఖమునకు కారణములు అనేకములు. వాటిలో ఒకటి రక్తము లేమి. రక్తము లేమిలోను ఒక రకమునకు కారణమేమో కనుగొని, దానికి మందు చేసి ఇచ్చిన కథలో మన తెలుగువాని పేరు ఉన్నది.

భీమవరము నుండి మద్రాసు వరకు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరములో పుట్టినారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము పోగా ఇంట్లో ఇబ్బంది ప్రవేశించినది. పదమూడేండ్ల ప్రాయములో ఈ బాలుడు చదువు మాని, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించవలెనని ఇల్లు విడిచి పారిపోయినారట. తల్లి వెనుకకు రప్పించి మరల బడికి పంపినది. రాజమండ్రిలో చదువు సాగలేదు. మద్రాసు హిందూ హైస్కూలులో మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను ప్యాసైనారు. తండ్రి మరణించిన తరువాత ఆయన చదువు కొరకు వెంకమ్మ గారు తన నగలు అమ్ముకొన్నారని చెప్పుదురు. మన సంఘములలోను పిల్లల ఫీజు కొరకు పుస్తెలు కుదువ పెట్టిన తల్లులు ఉన్నారు గనుక ఈ మాట మనకు దూరపు మాట కాదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుచుండగా ఆయన మనస్సు వైరాగ్యము వైపు తిరిగినది. రామకృష్ణ మిషనులో చేరి సన్యసించవలెనని కోరినారు. తల్లి ఒప్పుకొనలేదు. అప్పుడు జనులకు సేవ చేయు మార్గముగా వైద్యము ఎంచుకొని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినారు. 1919లో శేషగిరి గారితో వివాహమైనది. మామగారైన కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు అల్లుని చదువుకు ధన సహాయము చేసినారు.

అవి గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు విడిచి ఖద్దరు కట్టుచున్న రోజులు. సుబ్బారావు గారు శస్త్ర చికిత్స గదిలోకి కూడ ఖద్దరు అంగీతోనే వెళ్లినారు. అది ఆయన ఆంగ్లేయ ప్రొఫెసరుకు నచ్చలేదు. పరీక్షలు బాగుగా వ్రాసినప్పటికిని ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. ఆ పట్టాతో సర్కారు వైద్యశాఖలో చోటు దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయుడై శరీర శాస్త్రము బోధించుచు కాలము గడిపినారు.

ఎనిమిది దినములలో ఇద్దరు

ఈ కాలములోనే ఆయన ఇంట పిడుగు పడినది. ఇద్దరు సోదరులు ఎనిమిది దినముల వ్యవధిలో మరణించినారు. వారి వ్యాధి పేరు స్ప్రూ. మన వాడుకలో గ్రహణి అందురు. ఈ వ్యాధిలో రోగి తినునది తినుచునే ఉండును గాని ప్రేగు దానిని పీల్చుకొనదు. నోరు పూయును, విరేచనములు ఆగవు, రక్తము క్షీణించును, మనిషి కట్టెవలె ఎండిపోవును. సుబ్బారావు గారు తామే ఆ వ్యాధి బారిన పడి బ్రతికి బయటపడినారు.

వైద్యము చదివి ఉండియు తన సోదరుల మంచము ప్రక్కన చేతులు కట్టుకొని నిలబడవలసిన స్థితి ఎట్టిదో ఊహించుకొనవలెను. ఆ వ్యాధికి అప్పటికి మందు లేదు. మందు ఏదో ఎవరికిని తెలియదు. అక్కడ నుండి ఆయన జీవితము ఒక వెదకులాటగా మారినది. అమెరికా దేశములో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశపు వ్యాధుల గురించి చెప్పు పాఠశాల ఉన్నదని తెలిసికొని, అక్కడికి పోవుటకు నిశ్చయించుకొన్నారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మ సంస్థ వారును, మామగారును సహాయము చేయగా 1920ల ఆరంభములో ఓడ ఎక్కి బోస్టను చేరినారు.

వెళ్లునాటికి శేషగిరి గారు గర్భవతి. తండ్రి సముద్రము దాటిన తరువాత మగబిడ్డ పుట్టినాడు. ఏడాది నిండకుండనే ఆ పసివాడు చనిపోయినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. కొద్ది సంవత్సరములలో చదువు ముగించుకొని తిరిగి వచ్చెదనన్నది ఆలోచన. ఆయన మరల ఎన్నడును ఇండియాకు రాలేదు. శేషగిరి గారు మిగిలిన జీవితమంతయు ఎదురు చూచుచునే గడిపినారు. గొప్పవారి చరిత్రలలో వారి వెనుక మిగిలిపోయినవారి పేరు ఒక్క పంక్తిలో తేలిపోవును. లోకమంతట గర్భిణులకు మేలు చేసిన మందు వెనుక, ఒంటరిగా బిడ్డను కని, ఒంటరిగా పోగొట్టుకొన్న తల్లి ఒకతె ఉన్నదని మనము మరువరాదు.

బోస్టనులో రాత్రి పని

బోస్టనులో ఆయనకు వెంటనే జీతము గల పని దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరుగా పని చేసి, రోగుల పాత్రలు కడిగి పొట్ట పోసికొనుచు పగలు చదువుకొన్నారు. డిప్లొమా పొందిన తరువాత సైరస్ ఫిస్కే అను ఆచార్యుని యొద్ద జీవరసాయన శాస్త్రములో పరిశోధకుడుగా చేరినారు. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలుచుటకు వారిద్దరు కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి వారి పేర్లతోనే లోకమంతట ప్రయోగశాలలలో వాడుకలోకి వచ్చినది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును కనుగొన్నారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ అను శాస్త్రజ్ఞుడు కూడ ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. మనము చేయి ఎత్తినను, గుండె కొట్టుకొన్నను దానికి కావలసిన శక్తి దీని నుండియే వచ్చునని నేడు ప్రతి కాలేజీ విద్యార్థి చదువుచున్నాడు. 1930లో ఆయన డాక్టరేటు పొందినారు. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు.

మద్రాసులో ఒక డాక్టరమ్మ

ఇక్కడ మన కథ కొంచెము సేపు మరల మన దేశమునకు రావలెను. సుబ్బారావు గారు బోస్టనులో ఉన్న ఆ సంవత్సరములలోనే, ఆయన వైద్యము చదివిన మద్రాసు నగరమునకే ఇంగ్లండు నుండి ఒక డాక్టరమ్మ వచ్చి పని చేసినారు. ఆమె పేరు లూసీ విల్స్. 1888లో పుట్టినారు. కేంబ్రిడ్జిలో చదివి, లండనులో స్త్రీల వైద్య కళాశాలలో డాక్టరైనారు. 1928లో బొంబాయి హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూటుకు వచ్చినారు. గర్భిణులు రక్తము క్షీణించి ఎందుకు చనిపోవుచున్నారో విచారించుట ఆమె పని. డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్ గారు ప్రారంభించిన విచారణలో ఇది భాగము. బొంబాయిలోను, కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులోను, మద్రాసులో గోషా ఆస్పత్రి అని పేరు పొందిన స్త్రీల ఆస్పత్రిలోను ఆమె పరిశోధన సాగినది.

బొంబాయి బట్టల మిల్లులలో పని చేయు పేద స్త్రీలలోను, పరదా చాటున బ్రతుకు పేద ముస్లిం స్త్రీలలోను ఈ జబ్బు ఎక్కువగా ఉన్నదని ఆమె చూచినారు. క్రిమి వలన వచ్చినదా అని వెదకినారు, కాదని తేలినది. అప్పుడు వారి ఇంటి తిండిని పరిశీలించినారు. పండ్లు, ఆకుకూరలు, పాలు వారి పళ్లెములో లేవు. అటువంటి తిండి ఎలుకలకును కోతులకును పెట్టి చూచినారు. చివరకు ఈస్టు నుండి తీసిన మార్మైట్ అను చౌకయైన పదార్థము ఇచ్చినప్పుడు కోతికి రక్తము పట్టినది. తల్లులకు ఇచ్చినప్పుడు వారును లేచి కూర్చున్నారు. ఈ సంగతిని ఆమె 1931లో ప్రకటించినారు. బీరు కాచువారు మిగుల్చు ఈస్టులో పేద తల్లుల ప్రాణము దాగి ఉన్నదని ఎవరు తలంచినారు?

అయితే ఆ ఈస్టులో ఏ పదార్థము పని చేయుచున్నదో ఆమెకు దొరకలేదు. లోకము దానిని విల్స్ గారి పదార్థమని పిలిచినది. 1941లో అమెరికాలో టెక్సాసు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అణుమాత్రము తీసి, ఆకు అను అర్థము వచ్చు లాటిన్ మాటతో దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టినారు. టన్నుల కొలది ఆకు నలిపి చిటికెడు తీసినచో అది ఏ పేద తల్లికి అందును? దానిని మనిషి చేతితో తయారు చేయు మార్గము కావలెను.

ఆకులోని మందు ఫ్యాక్టరీకి వచ్చినది

1940లో సుబ్బారావు గారు హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను చోట లెడర్లె మందుల కంపెనీ పరిశోధనాలయములో చేరినారు. కొద్ది కాలములోనే దాని పరిశోధనకు అధిపతి అయినారు. పశువుల కాలేయములో రక్తమును వృద్ధి చేయు పదార్థము ఏదో ఉన్నదని అప్పటికే తెలుసును. దానిని పట్టుకొనవలెనని ఆయన బృందము పని చేయుచుండగా ఫోలిక్ యాసిడ్ వారి చేతికి చిక్కినది. దాని నిర్మాణమును విప్పి, 1945లో ప్రయోగశాలలోనే దానిని తయారు చేసినట్లు ప్రకటించినారు. ఆ పనిని వివరించిన పత్రములో పదహారు మంది పేర్లు ఉన్నవి. వారిలో సుబ్బారావు గారి పేరు ఒకటి మాత్రమే. తన క్రింద పని చేసినవారిని ముందుకు నెట్టి తాను వెనుక నిలబడుట ఆయన స్వభావమని ఆయనను ఎరిగినవారు చెప్పినారు.

ఆ మందు ఏమి చేయునో సంఘస్తులకు అర్థమగునట్లు చెప్పెదము. మన ఎముకలలోని మూలుగలో ప్రతి దినము క్రొత్త రక్తకణములు పుట్టవలెను. ఒక కణము రెండుగా చీలుటకు ఫోలిక్ యాసిడ్ అవసరము. అది లేనప్పుడు కణములు చీలలేక ఉబ్బి పెద్దవగును గాని సంఖ్య పెరగదు. గర్భములో బిడ్డ, మావి, తల్లి రక్తము, అన్నియు ఒకేసారి పెరుగుచుండును గనుక ఆ కాలములో దాని అవసరము మరింత హెచ్చును. పేద తల్లి తిండిలో అది లేనప్పుడు, ఉన్న కొంచెము బిడ్డ తీసికొనును, తల్లి పాలిపోవును. రక్తము మరీ తక్కువైన తల్లికి నెలలు నిండకముందే కాన్పు వచ్చుటకును, బిడ్డ బరువు తగ్గుటకును, కాన్పు తరువాత రక్తము పోయినప్పుడు తట్టుకొనలేకపోవుటకును అవకాశము ఎక్కువ.

ఈ మందు మొదటిగా స్వస్థపరచిన జబ్బులలో స్ప్రూ ఒకటి. సోదరులను తీసికొనిపోయిన జబ్బుకు, రెండు దశాబ్దముల తరువాత, వేల మైళ్ల దూరములో, ఆయన బృందము చేతి మీదుగానే మందు వచ్చినది. గర్భిణులలో లూసీ విల్స్ గారు చూచిన రక్తము లేమియు దీనితోనే నయమైనది. ఒకరు మన దేశమునకు వచ్చి ప్రశ్న కనుగొన్నారు, మరియొకరు మన దేశము నుండి వెళ్లి జవాబు తయారు చేసినారు. నాటువాడు ఒకడు, నీళ్లు పోయువాడు మరియొకడు అని పౌలు అపొల్లోల గురించి మనము బోధించునది ఇక్కడ కన్నులారా చూడవచ్చును.

తరువాతి కాలములో దీని మేలు మరియొకటి బయలుపడినది. 1991లో ఏడు దేశములలోని 33 కేంద్రములలో జరిగిన పరిశోధన ఫలితము వెలువడినది. అంతకు ముందు వెన్నుపాములోనో మెదడులోనో లోపముతో బిడ్డను కన్న తల్లులు, మరల గర్భము ధరించక ముందునుండియే ఫోలిక్ యాసిడ్ తీసికొన్నచో, అట్టి లోపము తిరిగి వచ్చుట నూటికి డెబ్బది పాళ్లకు పైగా తగ్గినది. ఆ మేలు చూచుటకు సుబ్బారావు గారు లేరు.

ఆయన చివరి దినములు

లెడర్లెలో ఆయన పని ఒక్క ఫోలిక్ యాసిడ్‌తో ఆగలేదు. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు ఆయన బృందము నుండి వచ్చినది. మన రాష్ట్రములో ఇంటింటికి తిరిగి ఇచ్చిన బోదకాలు మాత్రలు ఆ మందే. ఫోలిక్ యాసిడ్‌కు విరుద్ధముగా పని చేయు అమినోప్టెరిన్ అను పదార్థమును వారు తయారు చేసి ఇవ్వగా, బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గారు రక్త క్యాన్సరుతో ఉన్న పిల్లలకు దానిని వాడి 1948లో ఫలితము ప్రకటించినారు. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయు మార్గములో అది తొలి అడుగులలో ఒకటి. ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవి నాశకము కూడ ఆయన ఆధిపత్యముననే డాక్టర్ బెంజమిన్ డగ్గర్ గారు కనుగొన్నారు.

1948 ఆగస్టు నెలలో, 53 సంవత్సరముల వయస్సులో, న్యూయార్కులో ఒంటరిగా నిద్రలో గుండె ఆగి ఆయన మరణించినారు. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు. స్వతంత్ర భారతమును కంటితో చూడలేదు. నోబెల్ బహుమానము రాలేదు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో మన ప్రభుత్వము తపాలా బిళ్ల విడుదల చేసి ఆయనను స్మరించినది. మోషే నెబో కొండ మీద నుండి వాగ్దాన దేశమును చూచినాడు గాని అందులో అడుగు పెట్టలేదు. సుబ్బారావు గారికి ఆ చూపును దక్కలేదు. మన దేశములో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితముగా పంచు జాతీయ కార్యక్రమము ఆయన మరణించిన 22 సంవత్సరములకు, అనగా 1970లో ప్రారంభమైనది.

మన వంతు మిగిలి ఉన్నది

ఈ చరిత్రను విని ఆమేన్ అని మూసివేసినచో ప్రయోజనము లేదు. పెర్ల్ రివర్ నుండి బయలుదేరిన మందు మన ఊరి సబ్‌సెంటరు దాక వచ్చినది. ఆశా కార్యకర్త దానిని మన గుమ్మము దాక తెచ్చుచున్నది. గుమ్మము నుండి నోటి వరకు మిగిలినది ఒక్క జానెడు దూరము. ఆ జానెడు దూరములోనే మన తల్లులు ఓడిపోవుచున్నారు. మన దేశములో నేటికిని గర్భిణులలో సగము మందికి పైగా రక్తము తక్కువగా ఉన్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పుచున్నది.

ఎందుకు ఓడిపోవుచున్నారు? మాత్ర మ్రింగినచో బిడ్డ లావై కాన్పు కష్టమగునని ఒక అత్తగారు అనును. బిడ్డ నల్లగా పుట్టునని మరియొకరు అందురు. వాంతి వచ్చినదనియు, విరేచనము నల్లగా వచ్చినదనియు భయపడి కోడలు మాత్రలను బియ్యము డబ్బా వెనుక దాచును. కడుపు నిండ తినవద్దని, తిన్నచో బిడ్డకు చోటు చాలదని చెప్పువారును ఉన్నారు. ఇవి సత్యము కావు. విరేచనము నల్లబడుట ఇనుము వలన జరుగును, దానిలో అపాయము లేదు. వాంతి వచ్చువారు నర్సమ్మను అడిగి, అన్నము తిన్న తరువాతనో రాత్రి పండుకొనబోవు ముందో వేసికొనవచ్చును. టీతో కలిపి వేసికొనరాదు. నిమ్మరసముతో వేసికొన్నచో ఇనుము బాగుగా ఒంటబట్టును.

గర్భిణికి దినమునకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గల మాత్ర ఒకటి చొప్పున, నాలుగవ నెల నుండి 180 దినములు, కాన్పు తరువాత మరల 180 దినములు ఇవ్వవలెనన్నది ప్రభుత్వ నియమము. మొదటి మూడు నెలలలో ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరుగా ఇత్తురు. కనుక నెల తప్పిన వెంటనే పేరు వ్రాయించుకొనవలెను. ఐదవ నెల వరకు దాచిపెట్టుట మన వాడుక, ఆ వాడుక విడువవలెను. తిండి విషయములో మన పాలమూరు పల్లీ, మన కందిపప్పు, పెసలు, శనగలు, దొడ్లో మొలచు తోటకూర, పాలకూర, ఇవన్నియు లూసీ విల్స్ గారు వెదకిన పదార్థమును దాచుకొన్నవే.

నల్గొండ వారికి మరియొక మాట. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీటి బాధ ఎట్టిదో చెప్పనక్కరలేదు. అది ఎముకలను, పండ్లను మాత్రమే చెరుపునని చాల కాలము అనుకొన్నాము. ఫ్లోరైడు ప్రేగు లోపలి పొరను కూడ దెబ్బతీసి, తిన్నది ఒంటబట్టకుండ చేయునని డాక్టర్ ఎ.కె. సుశీల గారు తమ పరిశోధనలలో చూపినారు. ఆమె బృందము ఢిల్లీలో గర్భిణుల మీద చేసి 2010లో ప్రకటించిన అధ్యయనములో, ఫ్లోరైడు లేని నీరు, మంచి తిండి వాడిన తల్లులకు రక్తము పెరిగినది, తక్కువ బరువు బిడ్డలు తగ్గినారు. ఇది ఒక్క చోట జరిగిన అధ్యయనమే అయినను మనకు హెచ్చరికగా చాలును. కుళాయికి నది నీరు వచ్చుచుండగా రుచి కొరకు పాత బోరు నీరు త్రాగు గర్భిణి ఎవరైన ఉన్నచో ఆమెకు నచ్చజెప్పవలెను.

మందు ఒక్కటే అన్నిటికి చాలునని మేము చెప్పుట లేదు. నెలలు నిండని కాన్పుకు రక్తపు పోటు, గుర్రపు వాతము, క్రిమి దోషములు, కవలలు, వెంటవెంటనే గర్భము, చిన్న వయస్సు, ఇట్టి కారణములు అనేకము ఉన్నవి. కొన్నిటికి కారణము వైద్యులకును దొరకదు. కనుక అట్టి దుఃఖము కలిగిన తల్లిని ఎవరును నిందింపరాదు. అయితే సంఘము చేయగలిగినది సంఘము చేయవలెను. వివాహ ప్రకటనలు చదువుటకు ముందు పెండ్లికుమార్తెకు 18 సంవత్సరములు నిండినవని సర్టిఫికెట్టు చూచి రూఢి చేసికొనుట కాపరులుగా మా బాధ్యత. పూణెకో, బొంబాయికో, హైదరాబాదుకో కట్టడపు పనికి వలస పోవు కుటుంబములో గర్భిణి ఉన్నచో, ఆమె తల్లీబిడ్డల కార్డును, చాలినన్ని మాత్రలను సంచిలో పెట్టి పంపుట పెద్దల పని. ప్రతి సంఘములో స్త్రీల మైత్రి సభ్యులు ఇద్దరు, నెలకు ఒక మారు ప్రతి గర్భిణి ఇంటికి వెళ్లి, ప్రార్థించి, మాత్రల అట్ట చూచి, ఎన్ని ఖాళీ అయినవో లెక్కపెట్టి రావలెనని మా మనవి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆస్పత్రిలో గర్భిణులకు జరుగు పరీక్షకు తోడుగా పోవలెను.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులు హెబ్రీ తల్లుల బిడ్డలను బ్రతికించినారు. రాజుల పేర్లు మరుగున పడినను వారి పేర్లు గ్రంథములో నిలిచినవి. భీమవరపు సుబ్బారావు గారిని, మద్రాసులో తల్లుల పళ్లెములు పరిశీలించిన లూసీ విల్స్ గారిని, ఇంటి వద్ద ఎదురు చూచిన శేషగిరి గారిని మేము ఆ వరుసలో తలంచుకొనుచున్నాము. నూరేండ్ల పండుగ జరుపుకొను మన సంఘము రెండవ నూరేండ్లలో అడుగు పెట్టునప్పుడు, మన సమాధి తోటలలో ఆ చిన్న గోతులు తగ్గునట్లును, మన బాప్తిస్మపు రిజిస్టరులో పేర్లు పెరుగునట్లును దేవుడు కృప చూపును గాక. ఆమేన్.